మడుగు నడుమ వరాలమ్మ

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉన్నాయి. రాజు ఉన్నాడు, సభ ఉంది, సభకో కార్యదర్శి ఉన్నాడు, శాఖలున్నాయి, శాఖకొక పెద్ద ఉన్నాడు. తాగడానికి మాత్రం ఒకటే మడుగు ఉంది.

ఆ మడుగులోనే అందరూ తాగేవాళ్ళు. అందులోనే దున్నలు పొర్లేవి, పందులు బురద పూసుకునేవి, ఏనుగులు స్నానం చేసేవి. సింహంరాజుగారు మధ్యాహ్నం పూట పొట్టదాకా దిగి కునుకు తీసేవారు. ఆ పైన ఎవరెవరు ఏమేం చేసేవాళ్ళో చెప్పడం మర్యాద కాదు. మనం చెప్పకపోయినా నీళ్ళ రంగు చెప్పేది.

ఎండలు ముదిరి నీరు తగ్గేసరికి కడుపుజబ్బు మొదలయ్యేది. పెద్దవాళ్ళు నాలుగు రోజులు మూలిగి లేచేవాళ్ళు. పిల్లలు లేచేవాళ్ళు కారు.

ఆరోగ్యశాఖ ఎలుగుబంటి సోమరాజు చేతిలో ఉండేది. ఒకప్పుడు రాజుగారికి దగ్గు పట్టుకుంటే సోమరాజు తెచ్చిన తేనెతో తగ్గింది. ఆ మర్నాడే ఆయన ఆరోగ్యశాఖకు పెద్ద అయి కూర్చున్నాడు. తేనె తప్ప తనకు ఇంకో మందు తెలియదన్న సంగతి ఆయన దాచలేదు, ఎవరూ అడగనూ లేదు. మనసు మంచిదే. కాకపోతే ఎవరైనా పేరు చివర 'గారూ' తగిలించి పిలిస్తే వెన్నలా కరిగిపోయే గుణం.

ఆయన భార్య సూరమ్మ రెండు వేసవుల్లో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకున్న తల్లి. మూడోది బుల్లెమ్మ, ఇప్పుడిప్పుడే చెట్టెక్కడం నేర్చుకుంటోంది. మోదుగులు పూసి, ఇక ఎండలు వస్తున్నాయని తెలిసిన రోజున సూరమ్మ మొగుడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పోయిన రెండుసార్లూ ఏడ్చి ఊరుకున్నాను," అంది. "ఈసారి దీనికేమన్నా అయితే ఏడవను. మీ సభకొచ్చి కూర్చుంటాను. ఆరోగ్యశాఖ అంటే ఏమిటో అందరి ముందూ మిమ్మల్నే అడుగుతాను."

బుల్లెమ్మ కొమ్మ మీంచి సోమరాజు వీపు మీదకి దూకి జుట్టు పీకుతోంది. ఆ పిల్ల బరువు వీపు మీద ఉండగానే, ఈ ఏడు దీన్ని పోనివ్వకూడదని గట్టిగా అనుకున్నాడు.

మర్నాడు సభలో ఆ మాటే ఎత్తాడు. ఏటికి అవతల ఇంకో అడవి ఉందని, అక్కడా ఒకప్పుడు ఇదే జబ్బు ఉండేదని, ఇప్పుడు కొన్నేళ్ళుగా ఒక్క పిల్ల కూడా పోవడం లేదని కొంగలు చెబుతున్నాయి కనక, వెళ్ళి వాళ్ళేం చేశారో చూసి వస్తానన్నాడు.

సభ రకరకాలుగా స్పందించింది. వాళ్ళ నీళ్ళే వేరని నెమలి అంది. వాళ్ళ పిల్లలు పుట్టుకతోనే గట్టివాళ్ళని ఏనుగు అంది. చావుపుట్టుకలు మన చేతిలో ఉన్నాయా అని ముసలి పంది నిట్టూర్చింది. దానికి పదకొండుమంది పిల్లలు మిగిలారు, అంచేత వేదాంతం బాగా అబ్బింది.

సభకు కార్యదర్శి నక్క పానకాలు. అతను గొంతు తగ్గించి, రాజుగారికి మాత్రం వినపడేటట్టు, "మనం వెళితే నేర్చుకోవాలి ప్రభూ. వాళ్ళని పిలిస్తే సన్మానం చేసి పంపెయ్యొచ్చు," అన్నాడు.

రాజుగారికి ఆ తేడా వెంటనే అర్థమైంది. పిలవమన్నారు.

అవతలి అడవిలో ఆరోగ్యం చూసే ఆవిడ ఒక నీటికుక్క. పేరు వరాలమ్మ. పిలుపు అందగానే ఏరు ఈది, ఒళ్ళు దులుపుకుంటూ పొద్దున్నే వచ్చేసింది. మాట్లాడే వంతు మాత్రం పొద్దు వాలాక గానీ రాలేదు. అప్పటిదాకా అందరూ ఆవిడ గురించి మాట్లాడారు. రెండు ముక్కలు చెప్పి కూర్చుంటానని లేచిన ప్రతివాడూ నీడ తిరిగేదాకా కూర్చోలేదు. కొండముచ్చు ఆవిడ మీద సీసపద్యం చదివాడు. అందులో ఆవిణ్ణి హంస అన్నాడు.

చివరికి వరాలమ్మ లేచింది.

"మాకు పెద్ద విద్యేమీ తెలీదండి," అంది. "తాగే మడుగులో కాలు పెట్టడం మానేశాం. గట్టు మీద నిలబడి తాగుతాం. పొర్లడానికి పల్లంలో వేరే గుంట తవ్వుకున్నాం. మిగతా పనులకి దూరంగా పొదలవైపు పోతాం. ముందు మా ఏనుగు రాజుగారు మడుగులోంచి బయటికొచ్చారు, ఆయన వెనక మేమంతా వచ్చాం. మొదట్లో తెగ తిట్టుకున్నాం. తరవాత అలవాటైపోయింది. అంతే."

అని కూర్చుంది. సభకు చప్పగా అనిపించింది. ఏరు దాటి వచ్చినావిడ ఏ వేరో, ఏ ఆకుపసరో చెబుతుందనుకున్నారు. నెమలి ఉండబట్టలేక, మంత్రం లాంటిదేమీ లేదా అని అడిగింది. లేదంది వరాలమ్మ. మరి ఇంత తేలికైతే అందరూ చెయ్యొచ్చు కదా అన్నారు. అందుకే కష్టం అందావిడ.

ఇంతలో రాజుగారు ముందు బయటికొచ్చారన్న ముక్క ఒక్కొక్కళ్ళకీ బుర్రకెక్కింది. అందరూ తల తిప్పి సింహం వైపు చూశారు. సింహం తోక ఆడించడం ఆపేసింది.

ఆపద గ్రహించి దున్నల సంఘం పెద్ద వీరభద్రుడు లేచాడు. తమ తాతముత్తాతలు ఆ మడుగులోనే పొర్లారని, బురద తమకు సరదా కాదు సంప్రదాయమని, సంప్రదాయం జోలికొస్తే సంఘం ఊరుకోదని చెప్పాడు. వరాలమ్మగారి మీద తమకెంతో గౌరవముందని కూడా చెప్పాడు. రెండు ముక్కలకీ సభ ఒకేలా చప్పట్లు కొట్టింది.

వరాలమ్మకి టేకాకుల శాలువా కప్పి, నెమలిపింఛం చేతిలో పెట్టి, మోయలేనన్ని దండలు మెళ్ళో వేశారు. ఏటి ఒడ్డుదాకా సోమరాజు సాగనంపాడు. ఆవిడ దండలన్నీ తీసి గట్టున పెట్టి, "ఎప్పుడు మొదలుపెడతారు?" అంది.

"త్వరలోనేనండి."

"పిల్లలున్నారా మీకు?"

"ఒకతే మిగిలిందండి."

"అయితే రేపే మొదలుపెట్టండి," అని నీళ్ళలోకి జారిపోయింది.

సోమరాజు నిజంగానే మర్నాడు మొదలుపెట్టాడు. మడుగు గట్టున నిలబడి దిగొద్దని వచ్చినవాళ్ళందరికీ చెప్పాడు. పందులు ఆయన పక్కనుంచే దిగాయి. రాజుగారు బయటికొచ్చిన నాడు తామూ వస్తామన్నాడు వీరభద్రుడు, నీళ్ళలోంచి ముక్కు మాత్రం పైకి పెట్టి. సోమరాజు రాజుగారి దగ్గరికి పరుగెత్తాడు. రాజుగారూ నీళ్ళలోనే ఉన్నారు. పక్కన గట్టు మీద పానకాలు ఉన్నాడు.

"ఎండ చూశావా సోమరాజూ?" అన్నారు రాజుగారు దీనంగా.

పాము చావకుండా కర్ర విరగకుండా పని జరిపించడంలో పానకాలు తరవాతే ఎవరైనా. "ఆవిడ మాట అమలు చేస్తే దున్నలకి కోపం," అన్నాడు. "చెయ్యకపోతే తల్లులకి కోపం. విగ్రహం పెడితే ఎవరికీ కోపం రాదు ప్రభూ."

రాజుగారి ముఖం విప్పారింది. విగ్రహం ఎక్కడ పెట్టాలన్నారు. ఎక్కడో మూల పెడితే అవమానమని, నీళ్ళకొచ్చిన ప్రతివాడికీ కనపడేటట్టు మడుగు నట్టనడుమ పెట్టాలని పానకాలు అన్నాడు.

సోమరాజు నోరు తెరిచాడు. నడుమ పెట్టాలంటే కాలు పెట్టాలి కదా అని ఆయన అడగబోయాడు.

"విగ్రహ కమిటీకి పెద్ద మీరే, సోమరాజుగారూ," అన్నాడు పానకాలు. "శిలాఫలకం మీద ప్రభువులవారి పేరు కింద మీ పేరే."

సోమరాజు నోరు మూసుకుంది. దిగేది ఒక్కసారేగా, ఆ తరవాత రోజూ ఆవిడ రూపం చూసి జనమే మారతారు అనుకున్నాడు. తప్పని తెలిసిన పనికి ఇలాంటి సమాధానాలు మనసులో బాగా ఊరతాయి. ఆ పూట ఇంటికి వెళ్ళి శిలాఫలకం సంగతి చెబితే సూరమ్మ విని, బుల్లెమ్మను తీసుకుని చెట్టెక్కిపోయింది.

విగ్రహం చెక్కే పని వడ్రంగిపిట్టకి ఇచ్చారు. సన్మానం నాడు గుంపు వెనక ఉండిపోయి అతను వరాలమ్మను చూడనేలేదు. ఎలా చెక్కమంటారని అడిగితే, రాజుగారికి నచ్చేటట్టు చెక్కమన్నాడు పానకాలు. ఇంకేం, టేకు దుంగలోంచి ఏనుగంత ఎత్తున ఒక ఆడసింహం బయటికొచ్చింది. చేతిలో నెమలిపింఛం ఉండడం వల్ల అది వరాలమ్మ అని పోల్చుకున్నారు. దాన్ని నిలబెట్టడానికి ఏనుగులు మడుగు అడుగంతా తొక్కాయి. వారం పాటు నీళ్ళు తాగినవాడికి పళ్ళలో మట్టి మిగిలింది.

ఆవిష్కరణ ఘనంగా జరిగింది. రాజుగారు ముందు నీళ్ళలోకి నడిచారు, ఆయన వెనక అడవంతా నడిచింది. వరాలమ్మ చెప్పినదాంట్లో అమలైంది అదొక్కటే, అదీ తిరగేసి. దున్నలు పాలాభిషేకం చేశాయి. సోమరాజు తన చేత్తో తేనెపట్టు పిండాడు. వరాలమ్మ అడుగుజాడల్లో నడుద్దామని అందరూ నినాదాలిచ్చారు. నడిచినవాళ్ళ కాళ్ళ కింద నీళ్ళు బెల్లంపాకంలా అయ్యాయి.

అక్కడితో ఆగలేదు. దున్నల సంఘం దండ వేసిందని పందుల సంఘం అంతకన్నా పెద్ద దండ వేసింది. పందులు వేశాయని కోతులు వేశాయి. పుట్టినరోజు తెలియదు కనక ప్రతి అమావాస్యకీ జయంతి చేశారు. కుళ్ళిన పూలు నీళ్ళ మీద తెట్టుకట్టాయి. ఇదివరకు మధ్యాహ్నం నుంచి మురికయ్యే మడుగు ఇప్పుడు తెల్లవారేసరికే మురికిగా ఉండేది. దిగొద్దని సోమరాజు ఎవరితోనైనా అంటే, దండ వెయ్యడానికండీ అనేవాళ్ళు. తన పేరున్న విగ్రహానికి దండ వద్దని ఆయన ఎలా అంటాడు?

ఎండలు ముదిరాయి. మొదట లేళ్ళ ఇళ్ళల్లో పిల్లలు జబ్బుపడ్డారు. తరవాత కోతుల పిల్లలు. ఒకరోజు బుల్లెమ్మ చెట్టెక్కలేక మొదట్లోనే కూలబడింది.

సోమరాజు తెలిసిన ఒక్క మందూ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సూరమ్మ ఆ తేనెపట్టు లాక్కుని పొదల్లోకి విసిరేసింది. ఏడవలేదు, తిట్టలేదు, సభకీ వెళ్ళలేదు. పిల్లను వీపుకెత్తుకుని ఏటివైపు నడిచింది. సోమరాజు వెనకాలే వెళ్ళాడు. నక్కను నమ్ముకోవడమంటే కుక్కతోక పట్టుకుని గోదారి ఈదడమేనని, నిజంగా నీళ్ళలో పడి మునకలేస్తున్నప్పుడు ఆయనకి బాగా తెలిసొచ్చింది.

అవతలి ఒడ్డున వరాలమ్మ ఎదురొచ్చింది. ఏమీ అడక్కుండా పిల్లను నీడకి చేర్చి, ఆకు దొన్నెతో తమ మడుగు నీళ్ళు తెచ్చి చుక్క చుక్కగా పట్టించింది. ఆ మడుగు నీళ్ళు అడుగున ఉన్న గులకరాళ్ళు లెక్కపెట్టగలిగేంత తేటగా ఉన్నాయి. గట్టు మీద ముసలి ఏనుగు ఒకటి మోకాళ్ళు వంచి, తొండం మాత్రం చాపి తాగుతోంది. అదే ఆ అడవికి రాజు. తాగాక పక్కనున్న కుందేలు పిల్లకి దారిచ్చి వెళ్ళిపోయింది. సోమరాజు అదంతా చూస్తూ కూర్చున్నాడు.

ఇలా కొన్నాళ్ళు గడిచాక బుల్లెమ్మ కళ్ళు తెరిచి ఆకలంది. అప్పుడడిగింది వరాలమ్మ. "నేను చెప్పింది చేశారా?"

"మీకు విగ్రహం పెట్టామండి," అన్నాడు సోమరాజు.

"నాకా? ఎక్కడ?"

సోమరాజు నేల చూశాడు. "మడుగు మధ్యలో."

వరాలమ్మ దొన్నె కింద పెట్టింది. "దండలు కూడా వేస్తారా?"

"రోజూ వేస్తారండి."

"ఎలా వెళ్ళి వేస్తారు?"

సోమరాజు ఏడ్చాడు. పోయిన ఇద్దరు పిల్లలకీ, దక్కిన ఈ పిల్లకీ కలిపి, పెద్దరికం మరిచిపోయి వెక్కి వెక్కి ఏడ్చాడు. సూరమ్మ చూస్తూ కూర్చుందే తప్ప ఓదార్చలేదు. ఆమె చేసింది న్యాయమే.

వరాలమ్మ లేచింది. "నా బొమ్మే కదా. నేనే తీసేస్తాను పదండి," అంది. సూరమ్మ మాత్రం రానంది. ఆ మడుగుకో దండం, ఆ సభకో దండం అంది.

వరాలమ్మ ఏరు దాటి వచ్చి, మడుగు గట్టున నిలబడి, కాలు తడవకుండా, విగ్రహం మెడకు తీగ తాడు విసిరి బిగించింది. సోమరాజు లాగడం మొదలుపెట్టాడు. అంతే, అడవి అడవంతా మీద పడింది.

"వరాలమ్మగారి మెడకే ఉరి బిగిస్తావా?" అన్నాడు వీరభద్రుడు కళ్ళెర్రజేసి.

"నేనే వరాలమ్మని," అందావిడ.

అందరూ విగ్రహం వైపు చూశారు, ఆవిడ వైపు చూశారు. ఎక్కడా పోలిక లేదు. వరాలమ్మగారు ఏనుగంత ఉంటారని, ఈవిడ పిల్లి కన్నా కాస్త పొడుగుందని, చేతిలో పింఛం కూడా లేదని తేల్చారు. ఈవిడే వరాలమ్మని సోమరాజు గొంతు చించుకున్నాడు. రాజుగారికి అనుమానమొచ్చి పానకాలుని అడిగారు. పానకాలు ఆవిణ్ణి చూడగానే గుర్తుపట్టాడు.

"ఈవిడ వరాలమ్మగారే అయినా కావచ్చు ప్రభూ," అన్నాడు. "కానీ ఈవిడ పని వరాలమ్మగారి ఆశయాలకు విరుద్ధం."

వరాలమ్మను ఏటిదాకా తరిమారు. ఆవిడ నీళ్ళలో దూకి, ఒకసారి తల పైకెత్తి చూసి వెళ్ళిపోయింది. విగ్రహానికి అపచారం జరిగింది కనక శుద్ధి చెయ్యాలన్నారు. అందరూ మడుగులోకి దిగి మళ్ళీ పాలాభిషేకం చేశారు.

ఆ రోజు నుంచి సోమరాజు సభకు వెళ్ళడం మానేశాడు. మడుగు దగ్గరికి పిల్లతో వచ్చిన ప్రతి తల్లి పక్కకీ వెళ్ళి, బుల్లెమ్మ ఎక్కడుందో, ఎలా ఉందో చెప్పాడు. ముందు లేళ్ళు కదిలాయి. తరవాత కోతులు పిల్లల్ని పొట్టకి హత్తుకుని వెళ్ళాయి. ఏరు దాటలేనివాళ్ళని, ఈసరికి ఈత కాస్త అబ్బిన ఆయన వీపు మీద దాటించాడు. వీరభద్రుడి పెళ్ళాం కూడా మొగుడు పొర్లుతున్న వేళ చూసి దూడతో వచ్చేసింది. అవతల వరాలమ్మ అందరికీ ఒకటే మాట చెప్పేది, మడుగులో కాలు పెట్టొద్దని. తల్లులు అదేం పెద్ద కష్టమనుకోలేదు. ఆరోగ్యశాఖ పెద్ద అయ్యాక సోమరాజు చేసిన మొదటి పని ఇదే. దీనికి శిలాఫలకం లేదు.

వేసవి చివర సభ కూడింది. పానకాలు లేచి, ఈ ఏడు ముదురెండల్లో మన అడవిలో ఒక్క పిల్ల కూడా చనిపోలేదని ప్రకటించాడు. నిజమే. చావడానికి ఏటికి ఇవతల పిల్లంటూ ఉంటే కదా. సభ చప్పట్లతో మారుమోగింది. ఇంత నిశ్శబ్దంగా, ఇంత ప్రశాంతంగా అడవి ఎప్పుడూ లేదని రాజుగారు మెచ్చుకున్నారు. ఇది విగ్రహ మహిమేనని వీరభద్రుడు అన్నాడు. పెళ్ళాం ఇంటికి రావడం లేదన్న సంగతి అతను ఇంకా గమనించలేదు.

కబురు దూరదూరాలకి పాకింది. నాలుగు అడవుల నుంచి బృందాలు బయల్దేరాయి, ఈ అడవి ఎలా సాధించిందో నేర్చుకోవడానికి.

ఆరోగ్యశాఖకీ విగ్రహ కమిటీకీ పెద్ద ఆయనే కనక, వాళ్ళ ముందు సోమరాజుకి సన్మానం పెట్టారు. మడుగు మధ్యలో, విగ్రహం పాదాల దగ్గర మంచె కట్టారు. రాజుగారు, పానకాలు, అతిథులు నడుందాకా నీళ్ళలో నడిచి మంచె ఎక్కారు. పిలిపించగా వచ్చిన సోమరాజు గట్టు మీద ఆగిపోయాడు.

"రా సోమరాజూ," అన్నారు రాజుగారు.

"రాను ప్రభూ. తాగే నీళ్ళలో కాలు పెట్టకూడదు."

పానకాలు చప్పట్లు కొట్టాడు. ఇంత లోతైన మాట ఇంత సూటిగా చెప్పగలిగినవాడు ఇంకొకడు లేడన్నాడు. అతిథులు ఆ వాక్యాన్ని ఇంకోసారి చెప్పించుకుని వల్లెవేశారు. వీరభద్రుడి కళ్ళు చెమర్చాయి. అంతటి మహానుభావుడు మన దగ్గరికి రాకపోతే మనమే ఆయన దగ్గరికి వెళదామంటూ, అందరూ దండలు పట్టుకుని బిలబిలమని మడుగులోకి దూకారు.

వాళ్ళు గట్టు ఎక్కేసరికి సోమరాజు లేడు. ఏటి అవతల కొమ్మ మీద కూర్చుని బుల్లెమ్మ కేకలేస్తోంది, నాన్న ఈదడం చూసి నవ్వుతూ.

తెచ్చిన దండలు వృథా పోకూడదు కదా. మర్నాడే మడుగులో వరాలమ్మ పక్కన రెండో విగ్రహానికి గుంత తవ్వారు.

నీతి: ఎవరి మాట వినదలుచుకోలేదో వాళ్ళకి విగ్రహం కట్టించు, వినదలుచుకున్నవాళ్ళు ఎలాగూ ఏరు దాటిపోతారు.